చామనచాయకు నీలం ఐషాడో నప్పుతుందా? నప్పేలా వేసుకోవడం ఎలా?

మీరు అడిగింది ఇది. పన్నెండు గడుల నీలం పాలెట్ ఇష్టపడి కొనుక్కున్నారు. మీది చామనచాయ. వీడియోలో చూసినట్టే లేత నీలాన్ని కనురెప్ప నిండా పరిచి, మెత్తటి బ్రష్‌తో కనుబొమ దాకా బాగా కలిపారు. అద్దంలో చూసుకుంటే కంటికి దెబ్బ తగిలి కమిలినట్టు ఉంది. మీ అమ్మగారు కూడా "కంటికి ఏమైంది?" అని అడిగారు. మీది బ్యాంకు ఉద్యోగం, నవంబరులో తమ్ముడి పెళ్లి. ఈ పాలెట్‌ను వాడుకునే దారి ఉందా, లేక మన రంగుకు నీలం పడదని ఎవరికైనా ఇచ్చేయాలా?

ఎవరికీ ఇవ్వకండి. నీలం మన చాయకు పడుతుంది, చాలా అందంగా పడుతుంది. ముదురు నీలంతో మొదలుపెట్టండి, దాన్ని రెప్ప వెంట్రుకల మొదళ్ల దగ్గరే దట్టంగా ఉంచండి, అంచులను నీలంతో కాకుండా వెచ్చని గోధుమ రంగుతో కలపండి. పాలెట్‌లో లోపం లేదు, మీ ముఖంలో అసలే లేదు. "బాగా బ్లెండ్ చేయండి" అని వీడియోలో చెప్పిన ఆ ఒక్క మాటే మిమ్మల్ని దెబ్బతీసింది.

నేను పదహారేళ్లుగా విజయవాడలో పెళ్లికూతుళ్లకు మేకప్ చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువ మందిది చామనచాయ, లేదా అంతకన్నా ముదురు చాయ. వాళ్లలో నీలం కావాలని అడిగేవాళ్లు తక్కువ, అడగాలని ఉండి ఆగిపోయేవాళ్లు ఎక్కువ. అందుకే ఈ జవాబు కొంచెం విపులంగా రాస్తున్నాను.

ముందు ఆ కమిలిన రంగు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. అది తెలిస్తే మిగతాదంతా మీకే తోస్తుంది.

ఈ సంగతి నాకు తెలిసింది పెళ్లి మేకప్‌లో కాదు. అంతకుముందు మూడేళ్లు కూచిపూడి నృత్యనాటకాలకు ముఖాలు దిద్దే మా గురువుగారి దగ్గర సహాయకురాలిగా ఉన్నాను. ఒకసారి బాలకృష్ణుడి వేషం కట్టే పాపకు నీలం వేయమన్నారు. చిన్నపిల్ల కదా, దట్టంగా పూయడం ఎందుకని తడి స్పంజితో పలచగా అద్దాను. పాప ముఖం నీలంగా మారలేదు, నీరసంగా మారింది, జ్వరపడి లేచినట్టు. గురువుగారు నా ముంజేయి పట్టుకుని అదే నీలాన్ని ఒక చుక్క దట్టంగా పెట్టారు. దాని పక్కన ఇంకో చుక్క పెట్టి వేలితో మోచేతి వైపు లాగారు. మొదటి చుక్క నీలంగా ఉంది. రెండోది చారగా సాగేకొద్దీ రంగు చచ్చిపోతూ వచ్చి, చివర బూడిద మిగిలింది. "నీలం పలచబడితే మన ఒంటి మీద బతకదు" అన్నారు.

కారణం తేలికైనదే. మన చర్మపు గోధుమ రంగు, రంగుల లెక్కలో, ముదురు చేసిన నారింజ. రంగుల చక్రంలో నారింజకు సరిగ్గా ఎదురుగా ఉండేది నీలం. ఎదురెదురు రంగులు పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి వెలిగిస్తాయి, కలిసిపోతే రెండూ చచ్చి బూడిద రంగు అవుతాయి. మీరు నీలాన్ని బ్రష్‌తో పలచగా పైకి లాగిన కొద్దీ దాని కింద నుంచి చర్మం కనిపించింది, రెండూ కలిశాయి. కనుబొమ కింద బూడిద, రెప్ప మీద మసక నీలం, కంటి కింద సహజంగా ఉండే నలుపు, ఈ మూడూ కలిస్తే దెబ్బ తగిలిన కన్నే. చాలా తెల్లగా ఉండేవాళ్లకు ఈ సమస్య ఇంత రాదు. మీరు చూసిన వీడియో అలాంటి చాయ ఉన్నవాళ్లదేమో గమనించండి.

గురువుగారు నా చేతి మీద చేసిన పరీక్షను మీరూ ఈ రోజు చేయండి. పన్నెండు రంగులనూ ముంజేతి లోపలి వైపు ఒక్కొక్క చుక్క పెట్టి, ఒక్కొక్కటి వేలితో లాగండి. ట్యూబులైటు కింద కాకుండా కిటికీ దగ్గర చూడండి. ఏ రంగు చార చివరి దాకా నీలంగానే నిలబడిందో, ఏది సగంలోనే బూడిదైందో అక్కడే తెలుస్తుంది. నిలబడేవి ఎక్కువగా ముదురు నీలం, నెమలికంఠం రంగు, లోహపు మెరుపు ఉన్న నీలాలు. నిలబడనివి మెరుపు లేని లేత నీలాలు.

లేత నీలం గురించి ఇంకొక్క మాట. లేత నీలం రావాలంటే నీలంలో తెలుపు కలపాలి. ఐషాడోలో ఆ తెలుపు సాధారణంగా టైటానియం డయాక్సైడ్. ఆ తెలుపు మన చాయ మీద సుద్ద రాసినట్టు విడిగా తేలుతుంది, కెమెరా ఫ్లాష్ పడితే ఇంకా తెల్లబడుతుంది. చాలామంది "లేతది కదా, తక్కువగా కనిపిస్తుంది" అనుకుని దానితోనే మొదలుపెడతారు. మన చాయకు లెక్క తిరగబడుతుంది. లేతదే ఎక్కువగా కనిపించేది. ముదురు నీలం కాటుక పక్కన కాటుకలా ఒదిగిపోతుంది.

పాలెట్ అట్ట వెనుక పదార్థాల జాబితా ఉంటుంది, ఒకసారి చదవండి. సీఐ (కలర్ ఇండెక్స్, అంటే రంగు పదార్థాన్ని గుర్తుపట్టే సంఖ్య) 77007 అని ఉంటే అది అల్ట్రామెరైన్. సీఐ 77510 అని ఉంటే ప్రష్యన్ బ్లూ. అల్ట్రామెరైన్ ఒకప్పుడు అఫ్గానిస్తాన్‌లోని బదక్షాన్ గనుల్లో దొరికే లాజవర్దం (లాపిస్ లజులి) అనే నీలి రాయిని నూరి తీసేవారు. 1820లలో ఫ్రాన్స్‌లో దాన్ని కృత్రిమంగా తయారు చేయడం కనుగొన్నాక చవకైంది. మన ఇళ్లలో తెల్లబట్టలకు పెట్టే పొడి నీలిమందు కూడా ఎక్కువగా ఈ అల్ట్రామెరైనే. ప్రష్యన్ బ్లూ 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టింది. ఇది మనకెందుకంటే, ఈ రెండింటి స్వభావాలు వేరు. అల్ట్రామెరైన్ కాస్త ఊదా వైపు మొగ్గే కాంతివంతమైన నీలం, కానీ రంగు పట్టే శక్తి తక్కువ. అందుకే మెరుపు లేని ప్రకాశవంతమైన నీలాలు చాలా పాలెట్‌లలో పొడిపొడిగా, మచ్చలు మచ్చలుగా పడతాయి. ప్రష్యన్ బ్లూ ఆకుపచ్చ వైపు మొగ్గే ముదురు నీలం, చిటికెడు చాలు, గాఢంగా పడుతుంది. మీ పాలెట్‌లో ముదురు నీలం సాఫీగా వచ్చి, మధ్య నీలం మాత్రం ఎంత రాసినా అతుకులతుకులుగా ఉందంటే మీ చేతిలో నేర్పు లేక కాదు. (ఐషాడోలోని అల్ట్రామెరైనూ బట్టల నీలిమందూ ఒకే రంగు పదార్థమే కదా అని నీలిమందును కంటి దగ్గరకు తీసుకురాకండి. సౌందర్య సాధనాలకు వాడే రంగును వేరే స్థాయిలో శుద్ధి చేస్తారు.)

ఇక పనిలోకి వద్దాం.

కంటి కింద సరిచేయకుండా కంటి పైన నీలం పెట్టవద్దు. మనలో చాలామందికి కళ్ల కింద నీలి ఛాయ కలిసిన నలుపు ఉంటుంది. పైన నీలం పెట్టగానే కింది నీలి ఛాయ రెట్టింపై కనిపిస్తుంది. అక్కడ మీ చర్మం రంగు కన్సీలర్ (మచ్చలను కప్పే క్రీమ్) ఎంత రాసినా బూడిదగానే తేలుతుంది. ముందు కనకాంబరం పువ్వు రంగులో ఉండే కరెక్టర్‌ను, నలుపు ఎక్కడుందో అక్కడ మాత్రమే, ఉంగరం వేలితో పలచగా అద్దండి. ఇందాక చెప్పిన లెక్కే, నారింజ నీలాన్ని చంపుతుంది. ఇక్కడ అది మనకు మేలు చేస్తుంది. దాని మీద కన్సీలర్ చాలా కొంచెం. నీలం వేసుకుని బాగాలేదని నా దగ్గరకు వచ్చినవాళ్లలో సగం మందికి నేను పైన ఏమీ మార్చలేదు, కింద ఈ ఒక్కటి సరిచేశాను.

ఇంకో జాగ్రత్త, కళ్లు ముందు, ఫౌండేషన్ తరువాత. ముదురు నీలం పొడి బుగ్గల మీద రాలుతుంది. ఫౌండేషన్ మీద రాలితే దాన్ని తుడిచే కొద్దీ మరక అవుతుంది. రాలిన పొడిని వేలితో ముట్టుకోకుండా, పొడి మెత్తటి బ్రష్‌తో విసిరినట్టు దులపండి.

రెప్పల మీద క్రీమ్, నూనె ఏమీ ఉండకూడదు. ప్రైమర్, అంటే రంగు జారకుండా ముందుగా రాసేది, రెండు రెప్పలకూ కలిపి కందిగింజంత చాలు. ప్రైమర్ లేకపోతే కన్సీలర్‌ను పలచగా రాసి, పైన కాస్త పౌడర్ అద్దండి. కాకినాడ, విశాఖ వంటి సముద్రతీర ఊళ్లలో ఉండేవాళ్లు ఈ మెట్టును అసలు వదలకూడదు. అక్కడి చెమటకు నీలం గంటలోనే రెప్ప మడతలోకి జారి గీతలా పేరుకుంటుంది.

ఇప్పుడు మీ బ్యాంకుకు పనికొచ్చేది. దీన్ని మీరు రోజూ వేసుకోవచ్చు, అలవాటైతే రెండు నిమిషాల పని.

ఏటవాలుగా కత్తిరించిన చిన్న బ్రష్ తీసుకోండి. ఒక్క నీటి చుక్కతో తడిపి, టిష్యూ మీద అద్ది, పాలెట్‌లో అన్నింటికన్నా ముదురు నీలంలో ముంచండి. చేతి వెనుక ఒకసారి తట్టి అదనపు పొడి పోనివ్వండి. అద్దాన్ని ఎదురుగా కాకుండా గడ్డం కింద పట్టుకుని, కళ్లు కిందికి దించి చూడండి. అప్పుడు రెప్ప సాఫీగా పరచుకుని వెంట్రుకల మొదళ్లు కనిపిస్తాయి. బ్రష్‌తో గీత గీయకండి, అద్దండి. బయటి మూల నుంచి లోపలికి, ఒక అద్దు పక్కన ఇంకో అద్దు, మధ్యలో చర్మం కనిపించకుండా. మందం బియ్యపు గింజ వెడల్పు దాటకూడదు. లోపలి మూలకు చేరేసరికి సన్నబడిపోవాలి. ఆ తరువాత వేరే బ్రష్‌తో, అంటే నీలం అంటని బ్రష్‌తో, కాఫీ రంగు ఐషాడో తీసుకుని ఆ నీలం గీతకు పై అంచున మాత్రం అటూ ఇటూ చిన్నగా ఆడించండి. నీలాన్ని పైకి లాగడం లేదు, గోధుమ రంగును కిందికి తెచ్చి నీలానికి ఆనిస్తున్నాం. తేడా అంతా ఇక్కడే ఉంది. మీ నీలం పాలెట్‌లో గోధుమ రంగు లేకపోతే విడిగా ఒక్క గడి కొనుక్కోండి. ఇటుక రంగుకూ కాఫీ రంగుకూ మధ్యలో ఉండే, మెరుపు లేనిది. బూడిద ఛాయ కలిసిన గోధుమ మాత్రం వద్దు.

పైన నల్లటి మస్కారా. కింద ఏమీ వద్దు, కాటుక అలవాటుంటే లోపలి అంచున మాత్రం. కాటుక కిందికి జారితే నీలంతో కలిసి మళ్లీ అదే కమిలిన రంగు వస్తుంది. కాబట్టి కాటుక పెట్టాక సన్నటి బ్రష్‌తో అదే ముదురు నీలం పొడిని దాని మీద ఒకసారి అద్దితే కదలకుండా నిలుస్తుంది.

గుంటూరులో ఒక హైస్కూలు ఉపాధ్యాయురాలికి ఇలా వేసుకోవడం నేర్పాను. బడిలో ఎవరూ దాన్ని నీలం ఐషాడో అని గుర్తించలేదట. "ఈ మధ్య బాగా నిద్రపోతున్నారా, కళ్లు తేటగా ఉన్నాయి" అని అడిగారట. అది నిజంగానే ముదురు నీలం చేసే పని. దాని పక్కన కంటి తెలుపు ఇంకా తెల్లగా కనిపిస్తుంది. నల్ల కాటుక కన్నుకు పదును ఇస్తుంది, ముదురు నీలం తేట ఇస్తుంది.

ఒక వారం ఇలా వేసుకుని చెయ్యి కుదిరాక, సెలవు రోజున రెండోది ప్రయత్నించండి. పైరెప్ప అంతా రాగి రంగు లేదా కాఫీ రంగు. నీలం పైన ఎక్కడా లేదు. కింది రెప్ప వెంట్రుకల మొదళ్లలో, బయటి మూల నుంచి మూడో వంతు దాకా మాత్రం, నెమలికంఠం రంగు. రాగి పక్కన నెమలికంఠం ఎలా వెలుగుతుందో చూడండి. ఎదురెదురు రంగులు కలవకుండా పక్కపక్కన నిలిస్తే ఏం చేస్తాయో మీ ముఖం మీదే తెలుస్తుంది. నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ఇదే. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు మరీ బాగుంటుంది.

ఇక తమ్ముడి పెళ్లి. ఇంటి ఆడపడుచుగా మీరు ఉదయం నుంచి రాత్రి దాకా తిరుగుతూనే ఉంటారు, అందరి ఫొటోల్లోనూ ఉంటారు. నిలిచేది కావాలి, దగ్గర నుంచి చూసినా దూరం నుంచి చూసినా బాగుండాలి.

ప్రైమర్ మీద, రెప్ప బయటి సగానికి ముదురు నీలం లేదా నల్లటి పెన్సిల్‌తో పునాది వేసి, అది ఆరకముందే వేలితో సరిచేయండి. ఈ జిగురు పునాదే అసలు కిటుకు. పొడి నీలం చర్మం మీద కాకుండా దీని మీద పడుతుంది కాబట్టి, కింద నుంచి గోధుమ రంగు తొంగిచూడదు, బూడిద రాదు. చదునైన బ్రష్‌తో మెరుపు లేని ముదురు నీలాన్ని దాని మీద అద్దుతూ వెళ్లండి, రాయకండి. ఒక పొర చాలకపోతే ఇంకో పొర. రెప్ప మడతలో ఇటుక రంగు, దానికి పైన మీ చర్మం కన్నా ఒక్క ఛాయ ముదురు గోధుమ. నీలం ఎక్కడ ఆగుతుందో అక్కడ ఇటుక రంగు మొదలవ్వాలి. రెండూ కలిసే గీత మీద ఏమీ అంటని శుభ్రమైన బ్రష్‌ను నాలుగైదు సార్లు ఆడిస్తే చాలు. చివరగా, కళ్లు తెరిచి నేరుగా చూస్తే నల్లగుడ్డుకు సరిగ్గా పైన వచ్చే చోట, మెరిసే నీలాన్ని వేలి కొనతో ఒక్కసారి ఒత్తండి. మెరుపు రంగులు బ్రష్‌తో సగం గాలిలో కలిసిపోతాయి, వేలి వెచ్చదనానికి అతుక్కుంటాయి. లోపలి మూలలో చిటికెడు బంగారు రంగు. మీ మెడలోని నగలకు అది జవాబు చెబుతుంది.

ఇక్కడ దీపాల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. కొన్నేళ్ల క్రితం ఏలూరు దగ్గర ఒక పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున. పెళ్లికూతురిది ఆవపిండి రంగు గద్వాల చీర, నెమలికంఠం అంచు. అలంకరణ చేసిన గదిలో తెల్లటి ఎల్‌ఈడీ దీపాలు, వాటి కింద నీలం నేననుకున్నట్టే మెరిసింది. మండపంలోకి తీసుకువెళ్లాం, చుట్టూ పసుపుపచ్చని బల్బుల దండలు. ఆ వెలుగులో నీలం మొత్తం నలుపైపోయింది. పసుపు వెలుగులో నీలి కాంతి తక్కువ, నీలం వస్తువు తిరిగి పంపడానికి అక్కడ ఏమీ ఉండదు, అందుకే నల్లబడుతుంది. ఆ అమ్మాయి పాపం నాలుగు నెలలుగా ఆ నీలం కోసం ఎదురుచూసింది. జీలకర్ర బెల్లానికి ముందు దొరికిన రెండు నిమిషాల్లో ఆమె రెప్పల మధ్యలో నెమలికంఠం మెరుపును వేలితో అద్దాను. ఆకుపచ్చ కలిసిన ఆ మెరుపు పసుపు వెలుగును పట్టుకుని తిరిగి వెలిగింది, కళ్లు మళ్లీ బతికాయి. అప్పటి నుంచి నా పెట్టెలో ఒక పసుపు బల్బు, ఒక తెల్ల బల్బు ఉంటాయి. రెండింటి కిందా చూడకుండా ఏ పెళ్లికూతురినీ గది నుంచి పంపను. మీరు కూడా పెళ్లి ముందు రోజే వేసుకుని ఇంట్లో పసుపు దీపం కింద ఒకసారి, పగటి వెలుగులో ఒకసారి చూసుకోండి. ఫోను ముందు కెమెరాను నమ్మకండి, చాలా ఫోన్లు చర్మాన్ని తెల్లగా చేసి, రంగును మార్చి చూపిస్తాయి.

రాత్రి పసుపు దీపాల కింద వేడుక అయితే మెరిసే నీలం, నెమలికంఠం. పగటి వెలుగులో అయితే మెరుపు లేని ముదురు నీలమే హుందాగా ఉంటుంది.

చీర గురించి ఒక నియమం మాత్రం గట్టిగా చెబుతాను. నీలం చీర మీద అదే నీలం కంటికి వద్దు. చీర ఎప్పుడూ గెలుస్తుంది, కన్ను వెలవెలబోతుంది. ఆవపిండి రంగు, కనకాంబరం, ఇటుక రంగు, ముదురు ఎరుపు, ఉల్లిపొర రంగు, ఏ రంగైనా సరే బంగారు జరీ ఉన్న చీరలు, వీటి మీద నీలం కళ్లు అద్భుతంగా ఉంటాయి. నీలం చీరే కట్టుకోవాలని ఉంటే కంటికి రాగి రంగు పెట్టి, నీలాన్ని కింది రెప్ప గీతకు వదిలేయండి. పెదవులకు ఇటుక ఎరుపు, దాల్చినచెక్క రంగు, గోధుమ కలిసిన గులాబి బాగుంటాయి. ఊదా ఛాయ ఉన్న ముదురు గులాబి మాత్రం వద్దు, నీలం కళ్ల కింద ముఖం చలిలో వణికినట్టు కనిపిస్తుంది. బుగ్గలకు కూడా కాస్త నారింజ కలిసిన రంగే వాడండి. ముఖంలో ఎక్కడో ఒక వెచ్చదనం ఉంటేనే నీలం చల్లదనం అందంగా తెలుస్తుంది.

మీ అమ్మగారి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. వయసుతో రెప్ప కొంచెం వాలినవాళ్లకు నీలం పనికిరాదని అంటారు. మెరిసే నీలాన్ని రెప్ప నిండా పెడితే నిజంగానే బాగుండదు, ప్రతి ముడతా లెక్కపెట్టినట్టు కనిపిస్తుంది. కానీ మెరుపు లేని ముదురు నీలాన్ని వెంట్రుకల మొదళ్లలో నల్ల లైనర్‌కు బదులు పెట్టి చూడండి. యాభై ఎనిమిదేళ్ల ఒక పెళ్లికొడుకు తల్లిగారికి అలా చేశాను. నలుపు ఆమె కళ్లను చిన్నవిగా, కఠినంగా చూపించేది. ముదురు నీలం పెట్టాక ముఖం మెత్తబడింది. వాలిన రెప్పకు గీతను కళ్లు మూసి కాకుండా కళ్లు తెరిచి, నేరుగా చూస్తూ గుర్తుపెట్టుకోవాలి. మూసి గీసినది తెరవగానే మడత లోపలికి పోతుంది.

ఇక శుభ్రత. పెళ్లింట్లో ఒక పాలెట్ పదిమంది చేతుల్లోకి వెళ్తుంది, దయచేసి మీది వెళ్లనివ్వకండి. 2023 వర్షాకాలంలో మన రెండు రాష్ట్రాల్లోనూ కండ్లకలక ఎంతగా వ్యాపించిందో గుర్తుందిగా. అక్కాచెల్లెళ్లు అడిగితే కాదనలేరు, అప్పుడు కావలసిన రంగును శుభ్రమైన చెంచా మొనతో గీకి ఒక ప్లేటులో వేసి ఇవ్వండి, వాళ్ల బ్రష్‌తో వాళ్లు వేసుకుంటారు. మొదటిసారి వాడే ముందు చెవి వెనుక కొంచెం రాసి ఒక రోజు చూడండి. రెప్ప చర్మం శరీరం మొత్తంలో అతి పలచని చర్మం, అక్కడ దురద మొదలైతే పెళ్లంతా పాడవుతుంది. అట్ట మీద తెరిచిన డబ్బా బొమ్మలో 12 అనో 24 అనో ఉంటుంది, తెరిచాక ఎన్ని నెలలు వాడవచ్చో చెప్పేది అదే. తయారీ లైసెన్సు సంఖ్య, దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ సంఖ్య లేని పాలెట్‌ను ఎంత చవకగా దొరికినా కంటి దగ్గరకు రానివ్వవద్దు. సీసం, ఆర్సెనిక్ ఉన్న రంగులను సౌందర్య సాధనాల్లో వాడకూడదని మన చట్టం చెబుతుంది. ఆ సంఖ్యే లేని సరుకులో ఏముందో అడగడానికి బాధ్యులెవరూ ఉండరు. చేతిపనుల దుకాణంలో అమ్మే చమ్కీ పొడి అయితే ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, కంటిలో పడితే గీరుకుంటుంది. కాంటాక్ట్ లెన్సులు ఉంటే మేకప్‌కు ముందు పెట్టుకోండి, మేకప్ తీసే ముందు తీసేయండి.

రాత్రి తీసేటప్పుడు రుద్దకండి. నీలం మొండిది, రుద్దితే రెప్ప మీద మరకలా రెండు రోజులు ఉంటుంది, పొద్దున లేవగానే మళ్లీ మీ అమ్మగారు అదే ప్రశ్న అడుగుతారు. నూనె ఆధారిత రిమూవర్‌లో తడిపిన దూదిని మూసిన కంటి మీద ఇరవై, ముప్పై సెకన్లు ఆనించి ఉంచి, కిందికి ఒక్కసారి లాగండి. మిగిలింది ఉంటే ఇంకో దూది. ఆ తరువాత మామూలుగా ముఖం కడుక్కోండి.

మిగిలిన ఆ లేత నీలాలు ఏం చేయాలని మీరు అడగకపోయినా అనుమానం వచ్చే ఉంటుంది. వాటిని చర్మం మీద నేరుగా వేయవద్దు. మెరుపు ఉన్న లేత నీలమైతే, ముదురు నీలం వేసేశాక రెప్ప మధ్యలో దాని మీద చిన్న చుక్కగా ఒత్తవచ్చు, కింద ముదురు రంగు ఉంది కాబట్టి సుద్దలా తేలదు. మెరుపు లేని లేత నీలాన్ని నేనైతే ముదురు నీలంలో కొంచెం కలిపి మధ్య నీలం తయారు చేసుకోవడానికే వాడతాను.

పెళ్లికి ఏ చీర కట్టుకుంటున్నారో, ముహూర్తం పగలో రాత్రో మీరు రాయలేదు. అవి రెండూ, వీలైతే కిటికీ దగ్గర తీసిన మీ ముంజేతి రంగుల ఫొటో పెట్టండి. ఆ పన్నెండు గడుల్లో పెళ్లికి ఏ నాలుగు తీయాలో చెబుతాను. ఈలోగా రేపు బ్యాంకుకు ఆ అన్నింటికన్నా ముదురు నీలంతో బియ్యపు గింజ మందం గీత ఒక్కటి పెట్టుకుని వెళ్లండి.